హాజరు పలికిన గొంతు

ఓడ వంటాయన నిజం చెప్పాడో, నిజంలో సగమే చెప్పాడో పోయిన వారం తేలలేదు. ఆయిలర్ భార్యతో చెప్పినంతవరకు ఇదీ: "ఆ రోజు డెక్ మీద ఆయిలర్ అని పిలిస్తే 'ఉన్నా సార్' అన్న మాట నేనూ విన్నానమ్మా. కానీ నా పక్కన మీ ఆయన నిలబడే చోట మనిషి లేడు. ఆ గొంతు వెనక వరసలోంచి వచ్చింది." ఆ ముక్క అనేసి, ఇచ్చిన మంచినీళ్ళు కూడా పూర్తిగా తాగకుండా చెప్పులేసుకుని పోయాడు.

కథ మధ్యలో అందుకున్నవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్ళాలి. ఓడ ఇంజిన్ రూంలో నూనె గొట్టం పగిలి మంటలు లేచాయి. అలాంటప్పుడు సిబ్బంది అంతా డెక్ మీదికి వచ్చి వరసగా నిలబడాలి. ఒక్కొక్కరినీ పిలిచి హాజరు చూసుకుని, అందరూ పైనే ఉన్నారని తేలాక కింది తలుపులు బిగించి, మంటకు ఊపిరాడకుండా చేసే గ్యాసు వదలాలి. ఆ గ్యాసు మంట ఏది, మనిషి ఏది అని చూడదు. ఆ రోజు హాజరు సరిపోయింది. గ్యాసు వదిలారు. మర్నాడు తలుపులు తెరిస్తే కింద స్టోర్ రూంలో ఆయిలర్, అంటే యంత్రాలకు నూనె పోసే పనివాడు, చచ్చిపడి ఉన్నాడు. పక్కనే అతని రేకుపెట్టె ఉంది.

పైన హాజరు పలికినవాడు కింద ఎలా చచ్చాడు? విచారణ చేసిన పెద్దమనుషులు పెద్దగా బుర్ర బద్దలుకొట్టుకోలేదు. పలికాక, తలుపులు బిగించేలోపు జారుకుని తన పెట్టె తెచ్చుకోవడానికి దిగాడని రాసేశారు. అప్పట్నుంచి బట్టలు కుట్టుకు బతికే అతని భార్య ఆ వీధికి పెట్టెవాడి పెళ్ళాం అయిపోయింది. బడిలో కూతురి పేరూ మారిపోయింది. పిల్ల ఈ మధ్య పుస్తకాలు గుడ్డసంచీలోనే తీసుకెళతానంటోంది, పెట్టెలాంటి బ్యాగు వద్దంటోంది.

అదే మంటలో, అదే ఓడలో పనిచేసే ఆమె తమ్ముడు వీరుడయ్యాడు. గ్యాసు వదిలినా మంట చావకపోతే, కింద నూనె వాల్వు ఒకటి మూసుకోలేదని తెలిసి, గాలి సిలిండర్ వీపున తగిలించుకుని ఒంటరిగా దిగి, చేత్తో చక్రం తిప్పి దాన్ని మూసి వచ్చాడు. ఓడ దక్కింది. అతనికి పతకం వచ్చింది. రేపు నావికుల హాలులో సన్మానం.

ఈ రోజు ఫొటో.

స్టూడియో మేడమీద ఉంది. కిటికీలకు నల్లగుడ్డలు కట్టి పట్టపగలే చీకటి చేసుకున్నారు. వెనక గోడకి సముద్రం బొమ్మ వేసిన పరదా వేలాడుతోంది. ఆ బొమ్మ గీసినవాడు సముద్రం చూసి ఉండడు. అలలన్నీ దువ్వి పాపిడి తీసినట్టు ఒకే వాలులో ఉన్నాయి. పరదా ముందు ఎత్తు కుర్చీలో తమ్ముడు తెల్ల కోటు వేసుకుని కూర్చున్నాడు. ఎడమవైపు గుండె మీద పతకం ఉంది. దాని పట్టీ ఇంతకుముందే కాస్త వంకరగా ఉందని ఫొటోగ్రాఫర్ అంటే, అక్కే సూదీ దారం తీసి సరిచేసింది. చేతిపనిలో ఆమెకు వంక పెట్టలేరు.

"గడ్డం కొంచెం పైకి సార్. అంత కాదు, ఎవర్నో బెదిరిస్తున్నట్టుంది. కెప్టెన్ గారు వచ్చేలోపు మీ ఒక్కళ్ళవి నాలుగు తీసేస్తా" అన్నాడు ఫొటోగ్రాఫర్.

ఆ రోజు డెక్ మీద హాజరు పిలిచిన చీఫ్ మేటే ఇప్పుడు కెప్టెన్. ఆ మంట ఎవరికి ఏం చేసిందో గానీ ఆయనకు మాత్రం ఒక మెట్టు ఎక్కించింది. వీరుడి పక్కన నిలబడి ఒక ఫొటో దిగుతానని ఆయనే కబురు పెట్టాడు.

"మా అమ్మాయిని కూడా కలిపి తీయండి బాబూ" అంది తల్లి, పక్కన బెంచీ మీద నుంచి. "పాపం, మొగుడు అలాంటి పని చేసి పోయాడు. తల్లీకూతుళ్ళిద్దర్నీ ఇప్పుడు మా అబ్బాయే చూసుకుంటున్నాడు. అది కూడా పక్కన ఉంటే చూసినవాళ్ళకి అర్థమవుతుంది, వీడి మనసెలాంటిదో."

పరాయివాడి ముందు కూతురి పరువు తీసి కొడుక్కి పూలదండ గుచ్చడం ఆ తల్లికి మంచినీళ్ళ ప్రాయం. ఇంతలో పెద్ద దీపం టప్పుమని ఆరిపోయింది. ఫొటోగ్రాఫర్ దాన్ని తిట్టుకుంటూ, పక్క వీధి కొట్టులో బల్బు తెస్తానని మెట్లు దిగాడు.

ముగ్గురే మిగిలారు.

మూల ఒక నిలువుటద్దం ఉంది, ఫొటోకి ముందు జనం తల దువ్వుకునేది. అక్క తమ్ముడి వెనక్కి వెళ్ళి కాలరు సర్దుతున్నట్టు నిలబడింది. అద్దంలో అతని మొహం స్పష్టంగా కనిపిస్తోంది. ఆమె గొంతు పెంచి, ఆఫీసర్లు పిలిచే తీరులో ఒక్క మాట అంది.

"ఆయిలర్!"

వీరుడి వెన్ను నిటారుగా లేచింది. పెదాలు తెరుచుకున్నాయి. "ఉ" అన్న శబ్దం గొంతు దాకా వచ్చి, అక్కడే పట్టుబడిన దొంగలా ఆగిపోయింది. అతను నోరు మూసుకున్నాడు గానీ అప్పటికే అద్దం చూపించాల్సింది చూపించేసింది.

"నువ్వే కదరా" అంది.

"ఏంటక్కా నువ్వు? పిచ్చి పిచ్చిగా..."

"బావ గొంతు నీకంటే బాగా ఎవరు దించుతారు? వారం వారం మంటల డ్రిల్లులో, ఆయన తన పెట్టె పెట్టుకునే స్టోర్ రూంలో నిద్రపోతుంటే ఆయన బదులు నువ్వు పలికేవాడివి. సెలవుకి వచ్చినప్పుడల్లా ఇంట్లో అది చేసి చూపించి అందర్నీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వించావు. మంట రోజు కూడా పలికావు. అవునా, కాదా?"

సమాధానం చెప్పింది తల్లి.

"అవును. పలికాడు. అయితే?"

అక్క తిరిగి చూసింది. తల్లి బెంచీ మీద కాళ్ళు చాపుకుని, మోకాళ్ళు నిమురుకుంటోంది.

"నీకు తెలుసా అమ్మా?"

"కన్నదాన్ని, నాకు తెలీకుండా ఉంటుందా? వచ్చిన మొదటి రోజే చెప్పాడు. ముద్ద దిగలేదు వాడికి. అలవాటు మీద నోరు జారిందే. పిలిచారు, ఎవరూ పలకలేదు, వీడి నోరు దానంతటదే పలికింది. బావ వెనకెక్కడో ఉన్నాడనుకున్నాడు. కావాలని చేశాడా ఏమన్నా?"

"ఇన్నాళ్ళూ నా ఎదురుగా కూర్చుని, మీ ఆయనకి పెట్టె మీద అంత ఆశ ఏంటే అని నన్నే అడిగావు."

"మరేమనమంటావు? లోకం అంతా ఆ మాటే అంటుంటే నేనొక్కదాన్నే అనకపోతే అనుమానం రాదూ?"

ఇంత తేలిగ్గా అనగలిగిన తల్లి ఆ ఊళ్ళో ఇంకొకరు ఉంటారా అంటే, ఉంటారేమో, నేను మాత్రం చూడలేదు. అక్కకి ఏడుపు రాలేదు. ఒంట్లో రక్తం అంతా చేతుల్లోకి వచ్చినట్టయింది. ఆ చేతులతో ఏదైనా చేస్తానేమోనని భయపడి, రెండు చేతులూ కుర్చీ వీపు మీద బిగించి పట్టుకుంది.

"సరే, విను" అంది తమ్ముడితో. "నీ పతకం నాకక్కర్లేదు. నువ్వు పలికావని కూడా చెప్పొద్దు. రేపు మైకు నీ చేతికిస్తారు. అప్పుడు ఒక్క మాట చెప్పు. మా బావ పెట్టె కోసం కిందికి దిగలేదు, అసలు పైకే రాలేదు, నిద్రలో ఉన్నాడు, హాజరులో పొరపాటు జరిగింది. అంతే. నా పిల్ల తలెత్తుకుని బడికెళ్తుంది. అదొక్కటే నాక్కావాలి."

"మరి ఎవరు పలికారని అడగరా?"

"తెలీదను."

"ఊరుకుంటారా? పతకం లాక్కుంటారు, ఉద్యోగం పీకేస్తారు, లోపలేస్తారు. అంత చిన్న విషయంలా చెప్తావేంటి?"

"ఆయన చావు పెద్ద విషయం కాదురా?"

తల్లి మధ్యలో అందుకుంది. "చచ్చినవాడు పేరేం చేసుకుంటాడే? బతికున్నవాడికి కావాలి పేరు. నీ మొగుడు ఎలాగూ తిరిగి రాడు. వీణ్ణి కూడా జైలుకి పంపిస్తే నీ కడుపు చల్లబడుతుందా? పెట్టెవాడి పెళ్ళాం అంటున్నారని బాధపడుతున్నావు. అన్నం మానేశావా ఆ మాటకి? మానలేదుగా. పిల్ల రెండేళ్ళు పోతే మర్చిపోతుంది. నువ్వూ మర్చిపో."

"నేను మర్చిపోను."

"మర్చిపోకపోతే గుర్తు పెట్టుకో, నోరు మాత్రం మూసుకో."

తమ్ముడు అప్పటిదాకా చేతిరుమాలు మెలితిప్పుతూ కూర్చున్నాడు. తల్లి వెనకేసుకొచ్చేసరికి ప్రాణం లేచొచ్చినట్టుంది. కుర్చీలో ఇటు తిరిగాడు.

"అసలు బావ బదులు పలకమన్నది ఎవరక్కా?"

వేలు ఆమె మీదికి చూపించాడు.

"నేను కొత్తగా ఓడెక్కే ముందు రోజు. నువ్వే. వంటింటి గుమ్మంలో నిలబడి. 'ఆయన రాత్రి డ్యూటీ చేసి అలిసిపోతాడురా, డ్రిల్లని గంట కొట్టి లేపేస్తారట, పాడు ఉద్యోగం, నిద్రే ఉండదు. నువ్వు ఉంటావుగా, ఆయన బదులు పలికెయ్యి, కాసేపు పడుకోనీ' అన్నావు. నా చేత ఒట్టు కూడా వేయించుకున్నావు. నాకేం పట్టింది? ఉద్యోగం ఇప్పించిన బావ, అడిగింది అక్క, పలికాను. అలా పలికీ పలికీ నాకు అలవాటైంది. లేవకపోవడం ఆయనకి అలవాటైంది. ఇప్పుడు చెప్పు, ఎవరు చంపారు ఆయన్ని?"

కొన్ని మాటలు అబద్ధమైతే బాగుండును అనిపిస్తాయి. ఇది అక్షరాలా నిజం. ఆ గుమ్మం, ఆ పొద్దు, తన చేతికి అంటిన పిండి, అన్నీ ఆమె కళ్ళముందు నిలబడ్డాయి. మొగుడి మీద ప్రేమ కొద్దీ అన్న మాట అది. ఓడలో ఉన్నవాడికి ఇక్కణ్ణుంచి తను చేయగలిగిన ఒక్క ఉపకారం అదేనని ఆ రోజు ఎంతో మురిసిపోయింది. ఆ ఉపకారమే ఆయన మీద తలుపు బిగించింది. అయినా ఆమె కుర్చీ వీపు వదల్లేదు.

తల్లి నవ్వింది. నిజంగానే నవ్వింది. "విన్నావా? ఊరికే వాణ్ణి ఆడిపోసుకోకు. నీ చేతులేం శుభ్రంగా లేవు" అంది.

కింద వీధిలో ఎవరో బండి ఆపి హారన్ కొడుతున్నారు.

"సరే" అంది అక్క. గొంతు మెత్తగానే ఉంది. "నేనే పలకమన్నాను. అది కూడా మైకులో చెప్పు. మా అక్క అడిగితే పలికానని చెప్పు. నేను వేదిక ఎక్కి అవునంటాను. నన్ను లోపలేస్తే వేయనీ. పిల్లకి వాళ్ళమ్మ తప్పు చేసిందని చెప్పుకోగలను. వాళ్ళ నాన్న పెట్టె కోసం చచ్చాడని మాత్రం చెప్పుకోలేను."

తను విసిరిన రాయిని అక్క చేత్తో పట్టుకుని తలమీద పెట్టుకుంటుందని అతను అనుకోలేదు. ఇక దాక్కోవడానికి చోటు మిగల్లేదు. మొహానికి చెమట పట్టింది.

"అది కాదక్కా. నీకు తెలీదు. పలకడం ఒక్కటే అయితే ఎప్పుడో చెప్పేసేవాణ్ణి."

"ఏంట్రా?" అంది తల్లి. ఇది ఆమెకూ కొత్త.

"గ్యాసు వదిలాక చుట్టూ చూశాను, బావ ఎక్కడా లేడు. గుండె ఆగిపోయింది. అప్పుడే వాల్వు మూయడానికి ఎవరైనా దిగాలన్నారు. నేను ముందుకు దూకాను. అందరూ నా ధైర్యం చూసి నోళ్ళు తెరిచారు. ధైర్యం కాదక్కా, బావ కోసం దిగాను. వాల్వు దారిలోనే ఉంది, మూశాను. స్టోర్ రూం దగ్గరికి వెళ్ళాను. బతికే ఉన్నాడు."

ఆమె చేతులు కుర్చీ వీపు మీద నుంచి జారాయి.

"స్టోర్ రూం తలుపు గట్టిది. మూసి పడుకున్నాడు కదా, గ్యాసు లోపలికి పెద్దగా వెళ్ళలేదు. లోపల్నుంచి కొడుతున్నాడు. నేనని చెప్పాను. ఇంజిన్ మోతకి ఆయన చెవులు ఎప్పుడో సగం పోయాయి కదా, తలుపుకి మాస్కు ఆనించి అరిచాను. 'ఒరేయ్, నువ్వా! ఇంకేం భయం లేదు' అన్నాడు. నవ్వాడు కూడా అనుకుంటా. నా దగ్గర ఒకటే మాస్కు. తలుపు తీస్తే గ్యాసు లోపలికి పోతుంది. ఇంకో మాస్కు తెస్తా, తలుపు తీయకు అని చెప్పి పైకొచ్చాను."

"తేలేదా?"

"పైకి రాగానే నన్ను పట్టుకుని ఎత్తేశారక్కా. చప్పట్లు. మేట్ వచ్చి కావలించుకున్నాడు. 'శభాష్, కింద ఎవరూ లేరుగా? హాజరు సరిపోయింది కదా' అన్నాడు. ఉన్నాడంటే, మరి పలికిందెవరు? నోరు తెరిచాను. లేరు సార్ అని వచ్చింది."

"లేరు అన్నావు."

"ఒక్క నిమిషం ఆగి చెప్దామనుకున్నాను. కింది తలుపులు మళ్ళీ బిగించేశారు. ఆ తర్వాత చప్పుడు మొదలైంది. ఓడంతా ఇనుమే కదా, కింద కొడితే డెక్ మీద కాళ్ళకి తెలుస్తుంది. అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మేట్ కూడా విన్నాడు. కాసేపు విని, 'ఇంజిన్ చల్లారుతోంది, ఇనుము బిగుసుకుంటే అలాగే చప్పుడవుతుంది, ఎవరూ కంగారు పడొద్దు' అన్నాడు. ఆయన హాజరు తప్పయితే ఆయన ఉద్యోగం పోతుంది. తలుపు తీస్తే మంట మళ్ళీ లేస్తుంది. అందరూ తలలూపారు. నేనూ ఊపాను."

అక్క కింద కూర్చోలేదు, కేకలు వేయలేదు. ఒక ప్రశ్న అడిగింది. అడగకుండా ఉంటే బాగుండును.

"ఎంతసేపు కొట్టాడు?"

"వద్దక్కా."

"ఎంతసేపురా?"

"వంటాయన టీ కాచి డెక్ మీదికి తెచ్చాడు. అందరికీ పోశాడు." అతను పతకం వైపు చూస్తూ చెప్పాడు. "మేం తాగుతున్నప్పుడు కూడా కొడుతూనే ఉన్నాడు. గ్లాసులు వెనక్కి ఇచ్చేసరికి ఆగింది."

తల్లి లేచింది. కూతురి దగ్గరికి వెళుతుందేమో అనిపించింది. వెళ్ళలేదు. కొడుకు చేతిలోంచి రుమాలు తీసుకుని, నుదుటి మీద, ముక్కు పక్కన చెమట జాగ్రత్తగా అద్దింది. "మొహం మెరిస్తే ఫొటోలో బాగుండదు" అంది. కాలరు గుండీ పెట్టింది.

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. ఫొటోగ్రాఫర్ బల్బు పట్టుకుని, వెనక్కి తిరిగి తిరిగి వంగుతూ వచ్చాడు. అతని వెనక కెప్టెన్. మంచి ఎత్తు, ఇస్త్రీ మడత నలగని బట్టలు, ఎవర్ని చూసినా ముందు పళ్ళు కనిపించే నవ్వు.

"ఏమయ్యా వీరుడూ! రెడీనా?" అని తమ్ముడి భుజం తట్టి, అక్క వైపు చూశాడు. "ఈవిడ?"

"మా అమ్మాయండీ" అంది తల్లి. "ఆ ఆయిలర్ భార్య."

కెప్టెన్ మొహం ఎంతవరకు విచారంగా పెట్టాలో అంతవరకు పెట్టాడు. "అయ్యో. మంచి పనివాడమ్మా. ఆ ఒక్క బలహీనతే కొంప ముంచింది. పెట్టెలో ఏముంటుంది, ప్రాణం కంటే ఎక్కువా? మీరు మనసులో పెట్టుకోకండి. ఎంతో కొంత మా వంతు సాయం చేస్తాం."

"కూర్చోండి సార్" అంది అక్క. కుర్చీ ఆమే ముందుకు జరిపింది.

తమ్ముడు లేచి పక్కకి నిలబడ్డాడు. కెప్టెన్ కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నాడు. తల్లి రెండో పక్క చేరింది. అక్క కెప్టెన్ కుర్చీకి ఆనుకుని, ఆయన చెవికి దగ్గరగా నిలబడింది. ఆమె మొహంలో ఏమీ కనిపించకపోవడం చూసి తల్లి నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంది. పిల్ల దారికొచ్చింది అనుకుంది.

దీపం వెలిగింది. పరదా మీది సముద్రం మరీ నీలంగా కనిపించింది.

"అందరూ ఇటు చూడండి. మేడం, మీరు కొంచెం నవ్వాలి" అన్నాడు ఫొటోగ్రాఫర్.

ఆమె నవ్వింది. పెదాలు ఎక్కువ కదలకుండా, కెప్టెన్‌కి మాత్రమే వినపడేంత గొంతుతో, ఇంటికొచ్చిన పెద్దమనిషిని మర్యాదగా అడిగినట్టు అడిగింది.

"ఆ రోజు డెక్ మీద టీ మీరు మొత్తం తాగేశారా సార్, లేకపోతే ఆ చప్పుడికి సగంలో వదిలేశారా?"

ఫొటోగ్రాఫర్ మీట నొక్కాడు.